డెబ్బై ఏడు అడుగుల కిటికీ

నా కూతురు మదనపల్లెలో ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో చేరింది. కంప్యూటర్లో గోడ గీస్తే ఇల్లే లేచి నిలబడుతుంది, దాన్ని బిమ్ అంటారట. ఎత్తుల అంకెలూ అదే ఇస్తుంది. వాటిని బొమ్మలో ఎక్కడ పెట్టాలన్నది మాత్రం మనిషే చూసుకోవాలి. నా బిడ్డ అక్కడే దెబ్బతిన్నది. కుప్పంలో కడుతున్న ఇంటికి ముందువైపు బొమ్మ, అదే ఎలివేషన్, గీసి పంపితే అంకెలు తెలియడం లేదని అక్కడి మేస్త్రీ తిప్పి పంపాడు. ఇంకోసారి తిరిగొస్తే ఉద్యోగం ఉండదని ఆఫీసులో చెప్పేశారు.

ఆదివారం పుంగనూరులో నా దగ్గరికి వచ్చి ఆ కాగితం నా ముందు పరిచింది. మా ఆయన పోయాక కాంక్రీటు గంపలు మోసి చదివించిన బిడ్డ. నాకు అక్షరాలు అంతంతమాత్రం, అంకెలైతే వస్తాయి.

“అమ్మా, ఎత్తులు కిందనించి పైకి సదువు. నువ్వు తడుముకోకుండా సదివితే ఎవురైనా సదవతారు.”

చూస్తే ప్రతి అంకె కిందా ఒక తలకిందుల త్రికోణం.

“ఇదేంది పాపా, ఆస్పత్రి గోడమింద ఆపరేషన్ గుర్తు! ఇంటికి గూడా కుటుంబ నియంత్రణా?”

పడీపడీ నవ్వింది. “అది ఎత్తు గుర్తుమ్మా. దాని మొన యాడ తగిలితే ఆడికి ఆ ఎత్తు.”

సరేనని చదివాను. “మూడు... డెబ్బై ఏడు. డెబ్బై ఏడు అడుగుల మింద కిటికీ యాల? గద్దలు తొంగి సూసేదానికా?”

దాని నవ్వు ఆగిపోయింది. కిటికీ పైన అడ్డంగా పోసే లింటలుకు ఒక ఏడు, సన్‌షేడుకు ఒక ఏడు వేసింది. రెండిటిదీ ఒకే ఎత్తు కాబట్టి అవి అంటుకుని కూర్చున్నాయి.

“మేస్త్రీ గూడా ఈడనే తికమక పడినట్టుండాదిమ్మా.”

అప్పటికప్పుడు ల్యాప్‌టాప్ తీసింది. ఒక ఏడు చెరిపేసింది. కిటికీల మీద, గోడల మీద ఎక్కిన అంకెలన్నీ బయటికి లాగి, కుడిపక్కన ఒకే వరసలో నిలబెట్టింది. ఇంటిలోపలి నేలను సున్నా అనుకుంది, రోడ్డు దానికి రెండడుగులు తక్కువ. ఈసారి నేను గుక్క తిప్పుకోకుండా పిట్టగోడ దాకా చదివేశాను.

మరునాడు కొత్త బొమ్మను ప్రింటు తీయించి, ఆ కాగితం పట్టుకుని ఇద్దరం కుప్పం బస్సెక్కాం.

“మళ్లా తెచ్చినావా తల్లీ? ఈతూరి ఎన్ని అంతస్తులు?” అన్నాడు మేస్త్రీ ఎగతాళిగా. నా బిడ్డ కాగితం ఇచ్చింది. ఆయన చూశాడు. వేలు పెట్టి కిందనించి పైదాకా చదివాడు. గోడ పక్కన కట్టిన సారువ కొయ్యల మీద ఉన్న పనివాడివైపు తలెత్తి, “ఏడు కాడ గీత కొట్టప్పా! స్లాబు పదికి!” అని కేకేశాడు.

ఆ తర్వాత ఫోను తీసి ఆఫీసుకు చేశాడు. “పైఅంతస్తుకు గూడా ఈ పాప గీసిందే పంపండి సార్. సదవను సుకంగా ఉండాది.”

కాంక్రీటు కలిపే మిల్లరు మోతను మించి అరిచి అరిచి బండబారిన గొంతు నాది. దాన్ని అదుపు చేయాలని ఆ రోజు నాకు అనిపించలేదు.

“నా కూతురు గీసింది!” అన్నాను. సారువ మీద ఉన్నవాళ్లంతా పని ఆపి కిందికి చూశారు.