అమ్మమ్మ చదవగలిగిన లావు అక్షరాలు

మా చిన్నప్పుడు... ఒడిశాలోని కకిరిగుమ్మలో రైలు వెళ్ళిపోతే ఇక ఊరంతా నిశ్శబ్దమే. నాన్న రైలు పట్టాల పనికి, అమ్మ స్టేషన్ బయట టీ కొట్టుకి వెళ్ళేవారు. ఇంట్లో నేనూ అమ్మమ్మా మిగిలేవాళ్ళం. బడి ఒడియాలో... తెలుగు పిల్లని నేనొక్కదాన్నే. ఆటలకి కూడా ఎవరూ పిలిచేవారు కాదు.

నాన్న రాయగడ నుంచి తెచ్చే సరుకులకి పాత తెలుగు పేపర్లు చుట్టి ఉండేవి. అమ్మమ్మ వాటిని అరచేత్తో సాపు చేసి, ముక్కుకి ఆనించుకుని చదివేది. కళ్ళలో పొరలు... హెడ్డింగులు మాత్రమే కనబడేవి.

"సిన్నవి నాకు అవుపడవమ్మి. ఇవి సూడు, ఎంత నిండుగా ఉన్నాయో!"

నిజంగానే నిండు అక్షరాలవి. పొట్ట దగ్గర లావు, మలుపులో సన్నం, తలకట్టు కొస కొడవలి మొనలా. శుభలేఖల్లో పెళ్ళికూతురి పేరూ అలాంటి అచ్చులోనే ఉండేది. నేను తెలుగు నేర్చుకున్నది వాటి మీదే.

"మరి కింద ఏటి రాసేరు అమ్మమ్మా?" అంటే, "ఎవులికో ఏదో అయ్యుంటాది" అని సొంతంగా ఓ కథ అల్లేసేది.

ఒక ఏడు, కంటి ఆపరేషన్ చేయిస్తానని మావయ్య ఆవిడని గుణుపురం తీసుకెళ్ళాడు. షుగరు తగ్గితేనే చేస్తామన్నారట డాక్టర్లు. అది తగ్గలేదు... అమ్మమ్మ అక్కడే, మావయ్య ఇంట్లోనే ఉండిపోయింది.

బడి నుంచి వచ్చి తాళం తీస్తే, పలకరించే మనిషి లేదు.

పోస్టుకార్డు మీద పెన్సిల్‌తో గీసి, సిరా నింపి, హెడ్డింగులా లావుగా రాశాను... 'అమ్మమ్మా ఎప్పుడొస్తావు'. మరీ లావు చేస్తే లోపలి తెలుపు పూడిపోయి అక్షరం మచ్చలా అయ్యేది. రెండు కార్డులు అలాగే పాడయ్యాయి.

నాన్న గుణుపురం వెళ్ళి వచ్చాడు.

"నీ కార్డు ఎవుల్నీ సదవనివ్వలేదు. తనే సదివింది. రాలేనని సెప్పమంది. మళ్ళీ రాయమంది... ఇంకా లావుగా రాయమంది."

రాశాను. ఈసారి కార్డులో 'అమ్మమ్మా రా' మాత్రమే పట్టింది. ఇంకా లావుగా రాయమని మళ్ళీ కబురు. చివరి కార్డు నిండా ఒక్క 'అ' గీశాను. చాలా అందంగా వచ్చింది. పోస్టులో వేయమని ఇస్తే, నాన్న దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇంక ఒద్దులే అమ్మి. ఆవిడకి ఎలుతురు కూడా తెలీటం లేదు" అన్నాడు.

ఆ వేసవి సెలవులు రాకముందే అమ్మమ్మ పోయింది.

ఇప్పుడు రాయగడలో ఉంటున్నాను. మా పిల్లలకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. బంధువుల శుభలేఖలు కూడా ఇంగ్లీషులోనే వస్తున్నాయి... నేనిక్కడ రాసుకునేది మా ఇంట్లో ఎవరూ చదవలేరు.

మీరు చదువుతున్నారు కదా... మీకు మొదటి అక్షరం ఎవరు చూపించారు? ఎక్కడ? చెప్పరూ...