ఆదిబాబు అధ్యక్షుడైపోయాడు

సాక్చి బజార్లో గిన్నెల దుకాణాలు దాటాక, గోడకి ఆనుకుని గోనెపట్టా పరుచుకుని కూర్చునే మనిషి ఆదిబాబు. గ్యాస్ స్టవ్వులు, కుక్కర్లు బాగుచేస్తాడు. పనిలో వంక పెట్టడానికి లేదు. వంకంతా మాటలోనే ఉంది. ఎవరేమన్నా ‘హా జీ’ అంటాడు, అంటే సరేనండి అని. స్టవ్వు తెచ్చిన ఆవిడ "మంట పసుపుగా వస్తోంది" అంటే హా జీ. వెనకనే ఉన్న ఆవిడ మొగుడు "పసుపేం కాదు, నీలంగానే ఉంది" అంటే ఆయనకీ హా జీ. ఆ ఇద్దరూ అక్కడే తగువు పడితే చెరొక హా జీ పంచిపెట్టి, మధ్యలో కూర్చుని బర్నరు విప్పుకుంటాడు.

వాళ్ల నాన్న టెక్కలి వైపు నుంచి ఈ హిందీ ఊరికి ఉక్కు కార్ఖానా పనికి వచ్చి సిద్ధగోరాలో కుదురుకున్నాడు. ఆదిబాబు పుట్టింది ఇక్కడే, ఎనిమిదో క్లాసు దాకా చదివింది ఇక్కడే, ఆ తర్వాత చదువు అతన్ని వదిలేసిందీ ఇక్కడే. తెలుగులో మాట్లాడతాడు, హిందీలో లెక్కపెడతాడు. కోపం వస్తే మాత్రం ఏ భాషా మాట్లాడడు. ఆదిబాబు నోట హా జీ రాలేదంటే లోపల ఏదో ఉడుకుతోందని అర్థం. అలాంటి సందర్భం మా వీధిలో చూసినవాళ్లు తక్కువ.

ఇలాంటి మనిషి సర్కారు బడి సమితికి అధ్యక్షుడయ్యాడు. ఎలా అయ్యాడని అడిగితే ఇప్పటికీ మా వీధిలో నలుగురు నాలుగు రకాలుగా చెబుతారు. నాలుగూ కలిపి నేను చెబుతున్నాను.

అతని కూతురు దేవిశ్రీ ఆ బడిలో ఆరో క్లాసు. ఓ సాయంత్రం కడుపునొప్పని ముడుచుకుని పడుకుంది. తల్లి త్రివేణి గుచ్చి గుచ్చి అడిగింది.

"పొద్దున్న నించీ నీల్లు తాగనేదేటే నువ్వు? సీసా నిండా అలాగే వచ్చీసింది?"

"పీనే సే జానా పడ్తా హై నా, మమ్మీ," అంది పిల్ల గోడవైపు తిరిగి. తాగితే వెళ్లాల్సొస్తుంది కదా అని. "టాయ్‌లెట్ మే తాలా హై."

ఆడపిల్లల మరుగుదొడ్డికి తాళం. ఎప్పట్నించో. మేడమ్‌లది వేరే ఉంది, స్టాఫ్‌రూమ్ వెనకాల. దానికి వెళ్లాలంటే సార్లందరి ముందూ నిలబడి అడగాలి. పిల్లలు అడగరు. తాగడం మానేశారు. కొంతమంది బడికి రావడమే మానేశారు.

త్రివేణి ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ మొగుడికి ఒకే మాట చెప్పింది. "సబ ఉందట కదా బడికాడ. ఎల్లు. అందరి ముందరా తాళం సంగతి అడుగు. తియ్యరా, పిల్లని మానిపిచ్చీత్తాను. నా సదువు ఆగిపోనాది కూడా ఈ మరుగుదొడ్డి కాడే. ఇది కడుపు బిగబట్టుకుని సదవక్కర్లేదు."

దేవిశ్రీ తలుపు చాటున ఉంది. మానిపించడమన్న మాట వినగానే కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆదిబాబు ముద్ద మింగి "హా జీ" అన్నాడు. పెళ్లానికి కూడా.

సభ అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. మూడేళ్లకోసారి పిల్లల తల్లిదండ్రులందరినీ బడికి పిలిచి, వాళ్లలోంచే సమితిని ఎన్నుకుంటారు. అధ్యక్షుడు తల్లిదండ్రుల్లోంచే ఉండాలి. ప్రధానోపాధ్యాయురాలు సచివ్, అంటే కార్యదర్శి. ఒక టీచరు, మిగతావాళ్లు తల్లులూ తండ్రులూ. బడిని నడిపేది ఈ సమితే అని గోడమీద హిందీలో రాసి ఉంది. గోడ మీద రాసి ఉన్నది అందరూ చదివారు గానీ, నడపడమంటే ఏమిటో ఆ గోడక్కూడా తెలిసినట్టు లేదు.

ఇక మా తెలుగువాళ్ల అలవాటొకటి. మా బస్తీలో ఏటా అమ్మవారి సంబరం చేస్తారు. పెద్దమనిషి తవిటయ్య ఒక్కొక్క ఇంటి పేరూ పిలుస్తాడు, ఘటాలు మొయ్యడానికో, వంటకో, టెంటుకో. ఆ ఇంట్లో జబ్బో, మైలో, చేతకానితనమో ఉందని ఎరిగినవాళ్లు చెయ్యెత్తుతారు. అంటే ‘పాపం, ఈసారికి వాళ్లనొగ్గేయండి’ అని. చేతులు లేచాయంటే ఆ ఇల్లు గట్టెక్కినట్టు. ఎవరూ ఎత్తకపోతే పని మెడకి చుట్టుకున్నట్టు. తాతల నాటి నుంచీ ఇంతే. చెయ్యెత్తడమంటే మాకు దయ.

సభ రోజు వరండాలో దరీ, అదే జంపఖానా, పరిచారు. అనిత మేడమ్, బడి పెద్ద, కుర్చీలో కూర్చుంది. మేడమ్ మంచిదే. హాజరు ఫోన్లో ఎక్కించాలి, బియ్యం తూయించాలి, మధ్యలో పాఠం చెప్పాలి. ఆవిడ మాట్లాడేది హిందీ, నేను మన మాటల్లో రాస్తున్నాను.

"అధ్యక్షులుగా ఎవరుంటారు?" అనడిగింది.

అందరూ దరీ మీద గీతలు చూశారు. సరిగ్గా అప్పుడు ఆదిబాబు లేచి నిలబడ్డాడు. తాళం సంగతి అడుగుదామని. నోరు తెరిచేలోపే మేడమ్ మొహం వెలిగిపోయింది.

"ఆదిబాబు గారు! చాలా సంతోషం. ఆదిబాబు గారు... చేతులెత్తండి."

తవిటయ్య అక్కడే ఉన్నాడు. మనవడి తరఫున వచ్చాడాయన. ఈ కుర్రోడికి రోజూ గోడకింద కూర్చుంటే గాని పొయ్యి వెలగదు, ఈ బరువెక్కడ మోస్తాడని చటుక్కున చెయ్యెత్తాడు. ఆయన వెనక తెలుగువాళ్లందరూ ఎత్తారు. దయగల ఇల్లాళ్లు కొందరు రెండేసి ఎత్తారు. మిగతా హిందీవాళ్లూ, ఒడియావాళ్లూ తమ మీదకి రాకుండా పోతుందని ఆనందంగా ఎత్తేశారు. ఆదిబాబైతే తన రెండు చేతులూ పైకెత్తి కాళ్ల మునివేళ్ల మీద నిలబడ్డాడు.

"ఏకగ్రీవం," అంది మేడమ్. "స్వయంగా ఆయన కూడా."

చప్పట్లు. అప్పటికప్పుడే గౌరీశంకర్ సార్ బంతిపూల దండ వేశాడు. సమితిలో టీచర్ల తరఫు మనిషి ఆయన.

గేటు బయట తవిటయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఓరి బావూ, నిన్ను తప్పిద్దారనే ఎత్తినాం రా!"

"నానూ అందుకే ఎత్తినాను మావా."

"మరి అదేటి, అలాగైపోనాది?"

"నాకేటి తెల్సు?"

సభ్యుల్లో తవిటయ్యని కూడా రాసేశారు, తోడుకి. ఆయన పేరుకి లేచిన చేతులైతే ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇంట్లో త్రివేణి దండ చూసింది. "ఏటయ్యా ఇది? పెల్లా?"

"అధ్యక్షుడ్నైపోనానే."

"తాళం?"

"అడగనేదు."

"అధ్యక్షుడంటే బడికి పెద్దే కదా. మరి పెద్దోడివి, తీయించు." వారం గడువిచ్చింది. దండ తీసి గుమ్మానికి కట్టింది, మొగుడి మీద కోపం పూలమీద దేనికని.

మర్నాడు ఆదిబాబు పనికి పోకుండా బడికి పోయాడు. మేడమ్ గదిలో జరిగింది ఇది.

"మేడమ్ జీ, ఆ తాళం తియ్యాలండి."

"మీరొక్కరు చెబితే ఎలా? సమితి చెప్పాలి."

"హా జీ. సమితిని పిలవండి."

"పిలుస్తాను. పిలవమని అధ్యక్షులు చెప్పాలి."

"హా జీ. పిలవమంటున్నాను."

"ఎప్పుడు?"

"మీరెప్పుడంటే అప్పుడు."

"నేనెలా అంటాను? తేదీ మీరు చెప్పాలి."

"మీకు ఏ రోజు కుదురుతుందో చెబితే, ఆ రోజే నేను చెబుతానండి."

మేడమ్ పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. సమితి చెప్పినట్టు ఆవిడ చెయ్యాలి. ఆవిడ చెప్పినట్టు ఆదిబాబు తలూపుతాడు. ఆదిబాబు ఊపితే సమితి ఊపినట్టు. మరి మొదట చెప్పేదెవరు? ఆఖరికి బయట బెల్లు కొట్టిన ఆయా "శనివారం పెట్టుకోండి, ఆ రోజు కిచిడీ" అంది. తేదీ అలా తేలింది.

అసలు తాళం ఎవరేశారని ఆదిబాబు పోతూ పోతూ అడిగాడు. పాత సమితి వేయించిందని మేడమ్. బస్తీ కుర్రాళ్లు గోడదూకి పాడుచేస్తున్నారని వేశారని గౌరీశంకర్ సార్. పెద్దాఫీసరు వచ్చినప్పుడు శుభ్రంగా కనబడాలని వేశారని ఆయా. ఆ ఆఫీసరు వచ్చాడా అంటే, వచ్చాడు గానీ తాళం ఉంది కదా, చూడలేదంది.

శనివారం వచ్చింది. కిచిడీ వాసన మధ్య సమితి కూర్చుంది. మేడమ్, గౌరీశంకర్ సార్, ఆదిబాబు, తవిటయ్య, ఇళ్లల్లో వంటలు చేసే సోనీ, మరికొంతమంది తల్లులు. త్రివేణి ఇచ్చిన గడువు ఆ రోజుతో సరి. దేవిశ్రీ క్లాసు గుమ్మంలో నిలబడి, ఒక కాలి మీద ఇంకో కాలు వేసుకుని, నాన్న వైపే చూస్తోంది.

తాళం తియ్యడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. ఆశ్చర్యంగా గబగబా ఒప్పేసుకున్నారు. చిక్కు వచ్చింది తాళంచెవి దగ్గర. ఎవరి దగ్గరుండాలి?

"స్టాఫ్‌రూమ్‌లో మేకుకి తగిలిద్దాం," అన్నాడు గౌరీశంకర్ సార్. "కావలసినవాళ్లు అడిగి తీసుకుంటారు."

"హా జీ," అన్నాడు ఆదిబాబు.

సోనీ చెంగు నోటికడ్డం పెట్టుకుని అడిగింది. "సార్, మీరు వెళ్లాలంటే ఎవరినడుగుతారు?"

సార్ మేకు మాట అక్కడితో వదిలేశాడు.

ఆయా దగ్గర ఉంచుదామంది ఒకావిడ. హా జీ. ఆయా నాలుగు తర్వాత ఉండదంది ఇంకొకావిడ. హా జీ. క్లాసు లీడరు పిల్లకిద్దాం. హా జీ. ఆ పిల్ల సెలవు పెడితే? హా జీ. క్లాసుకొక చెవి చేయిద్దామన్నాడు తవిటయ్య. అందరి దగ్గరా చెవి ఉంటే ఇంక తాళమెందుకని ఆయనే అడిగి, ఆయనే గడ్డం గోక్కున్నాడు.

"అధ్యక్షులు గారూ," అంది మేడమ్, "అన్నిటికీ సరే అన్నారు. ఏది రాయమంటారు?"

ఆదిబాబు గుమ్మం వైపు చూశాడు. దేవిశ్రీ కాలు మార్చుకుంది. పిల్ల పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఈసారి అతని నోట హా జీ రాలేదు. ఏమీ రాలేదు. తవిటయ్య తనలో తనే గొణుక్కున్నాడు, "ఉడుకుతన్నాడ్రోయ్."

"తాళమే వద్దు," అన్నాడు ఆదిబాబు. "లోపలి గొళ్లెం చాలు."

"ఎవరైనా పాడుచేస్తే బాధ్యత?" అన్నాడు గౌరీశంకర్ సార్.

"నాది."

"అధ్యక్షులకి అలా బాధ్యత తీసుకునే అధికారముందా?" అని సార్ మేడమ్‌నడిగాడు. మేడమ్ ఆదిబాబునడిగింది. ఆదిబాబు సార్‌నడిగాడు. ఎవరికీ తెలీదు. తెలీదు కాబట్టి ఉందనే రాసుకుని అందరూ సంతకాలు చేశారు. తవిటయ్య తెలుగులో చేశాడు.

మేడమ్ చెవి తెచ్చి తాళం తీసింది. తలుపు తోస్తే సగం తెరుచుకుని ఆగిపోయింది. లోపల విరిగిన బెంచీలు, వెలిసిపోయిన నల్లబల్ల, అడుగు పోయిన కిచిడీ డేగిసా, ఏ పండగదో తెలీని చుట్టిన బ్యానర్లు. వాటి వెనక ఎక్కడో మరుగుదొడ్డి ఉండాలి.

"ఓహో, బెంచీలిక్కడున్నాయా?" అంది మేడమ్. ఆవిడ వీటికోసం కిందటేడు నుంచీ వెతుకుతోందట.

"వీటినెక్కడ పెట్టాలన్నది వేరే అంశం," అన్నాడు గౌరీశంకర్ సార్. "దానికి మళ్లీ కూర్చోవాలి."

"కూకుందారి," అన్నాడు ఆదిబాబు. ఆ కంగారులో సార్‌తో తెలుగే మాట్లాడేశాడు. ఒక బెంచీ నెత్తిమీదకెత్తుకుని బయటికి నడిచాడు. 

"ఎక్కడ పెడతావురా?"

"ఏమో మావా. ముందు బయటికి."

తవిటయ్య పంచె ఎగ్గట్టాడు. సోనీ డేగిసా పట్టుకుంది. సార్ బ్యానర్లు తీసుకున్నాడు, అవి తేలిగ్గా ఉన్నాయని. మేడమ్ చీపురు తెమ్మని ఆయాని కేకేసింది, ఆయా కిచిడీ వడ్డిస్తున్నానంది, మేడమే చీపురందుకుంది. తల్లులు చాపాకల్, అదే చేతిపంపు, కొట్టి బకెట్లు నింపారు. సామానంతా వరండాలో చేరింది. సమితి కూర్చున్న దరీ మీదే చేరింది.

ఇంకా ఆఖరి బెంచీ ఆదిబాబు నెత్తిమీదే ఉంది. చూస్తే తలుపు ముందు ఆడపిల్లలు వరస కట్టేసి ఉన్నారు. ఎవరు చెప్పారో, ఎప్పుడు వచ్చారో తెలీదు. వరస క్లాసులు దాటి కిచిడీ దాకా పోయింది. కంచాలు చేత్తో పట్టుకునే నిలబడ్డారు కొందరు. రెండోది దేవిశ్రీ.

"పప్పా," అంది పళ్లు బిగించి, "ఉధర్ ఘూమో నా!"

అటు తిరగమని. ఆదిబాబు బెంచీతో సహా గిర్రున గోడవైపు తిరిగాడు. బెంచీ కాలు తగలబోతే తవిటయ్య తలవంచి తనూ తిరిగాడు. బ్యానర్లతో సార్ తిరిగాడు. మగ సమితి మొత్తం ప్రహరీగోడని చూస్తూ నిలబడింది, ఆ గోడమీద ఏదో గొప్ప సంగతి రాసి ఉన్నట్టు.

"సమావేశం అయిపోయినట్టేనా?" అని సార్ గోడనడిగాడు.

"ఇంకా ముగిసిందని ఎవరూ అనలేదు కదండీ," అన్నాడు ఆదిబాబు.

వెనక గొళ్లెం పడిన చప్పుడు. నీళ్ల చప్పుడు. ఒకరెవరో కిసుక్కున నవ్వారు, తర్వాత వరసంతా నవ్వింది. కాసేపటికి మళ్లీ గొళ్లెం, మళ్లీ నీళ్లు. తవిటయ్య తిరగబోతుంటే ఆదిబాబు మోచేత్తో ఆపాడు.

"పప్పా," దేవిశ్రీ గొంతు లోపల్నుంచి వచ్చింది, "పానీ ఖతమ్. ఏక్ బాల్టీ ఔర్!"

అధ్యక్షుడు బెంచీని గోడకానించాడు. నేలచూపులు చూస్తూ, ఖాళీ బకెట్టు తడుముకుని అందుకుని, చాపాకల్ దగ్గరికి పరిగెత్తాడు.