రాబర్ట్‌సన్‌పేటకు ఒక తోడు

నయనకు ఉద్యోగమైతే దొరికింది గానీ, తోడే దొరకలేదు. జూన్ నుంచి రాబర్ట్‌సన్‌పేటలో ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి టీచరు. అంతకుముందు వేసవంతా కోలారు పక్కనున్న తమక ఊళ్ళో శిక్షణ. వేమగల్ పక్క పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేది. ఉద్యోగంలో చేరాక అలా కుదరదు, అక్కడే గది తీసుకోవాలి. బుద్ధెరిగినప్పటి నుంచి ఒక్కతే పడుకొని ఎరగని పిల్ల. "తోడుంటేనే పంపిస్తా" అని తల్లి మునిలక్ష్మమ్మ ముందే తేల్చి చెప్పింది.

శిక్షణలో అదే స్కూలుకు కుదిరిన అమ్మాయి సుప్రీత. కోలారు టౌను పిల్ల, గలగలా మాట్లాడుతుంది. మొదటి రోజే నయన మనసులో గది సర్దేసుకుంది. కిటికీ పక్క మంచం సుప్రీతకు, గోడవైపుది తనకు. పైకి మాత్రం ఒక్క ముక్క అనలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈవిడ నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయి మరి!

పైగా సెంటు గొడవ ఒకటి. ఒకరు లేచి పాఠం చెబితే మిగతావాళ్ళు పిల్లల్లా కూర్చొని వినాలి. మే నెల ఎండకు ఒళ్ళంతా చెమట. పాఠానికి లేచేముందు అమ్మాయిలు ఒకరికొకరు సెంటు కొట్టుకునేవాళ్ళు, అక్కడ స్నేహమంటే అదే. సీసా తన దగ్గరికి రాగానే నయన ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకొని వెనక్కి దూకేది. ఇంట్లో పట్టుపురుగులున్నాయి. సెంటు, పౌడరు, మల్లెపూలు, ఏ వాసన తగిలినా పురుగు మేత మానేస్తుందని వాళ్ళకు గట్టి నమ్మకం. సాయంత్రం ఇంటికి పోగానే వాటికి ఆకు వేయాల్సింది తనే. ఆ మాట చెబితే 'పురుగుల పిల్ల' అంటారని సిగ్గు. చెప్పకపోతే పొగరుబోతు అంటారని మాత్రం తోచలేదు. కొన్నాళ్ళకే ఆమె బెంచీ మీద ఆమె ఒక్కతే మిగిలింది. చిత్రాన్నం డబ్బా గోడవైపు తిరిగి తినేది. తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది, ఆ అమ్మాయిల మీద కాదు, ఈ మూగనోము మీద.

ఆఖరి రోజు సర్టిఫికెట్లు ఇచ్చాక, ధైర్యం తెచ్చుకొని సుప్రీత దగ్గరికి వెళ్ళింది. పురుగుల సంగతంతా చెప్పి, "రూములో నాతో ఉంటావా?" అని అడిగింది.

సుప్రీత బిత్తరపోయింది. "అయ్యో, ముందే చెప్పకూడదా? నీకు మేమంటే గిట్టదు, ఆగదనుకొన్నాము. నిన్ననే నేనూ మన క్లాసు శ్రీరక్షా రూము మాట్లాడుకొనేసినాము. ఇద్దరికే జాగా ఉండాది ఆడ."

అంటూనే నయనను గట్టిగా కౌగిలించుకుంది. సుప్రీత సెంటంతా నయన బట్టలకు అంటింది.

ఇల్లు చేరేసరికి పురుగులు గూడు కట్టే ముందటి ఆకలి మీదున్నాయి. తల్లి పురుగుల గది వలతలుపు వెనక నుంచే ముక్కు ఎగబీల్చింది.

"ఆడే నిలబడు. ఏం వాసనమ్మా అది! నీళ్ళు పోసుకొని రా. ఇంగ, తోడు దొరికినాదా?"

"దొరికినాదమ్మా. సుప్రీత అని."

"బతికించినావు. ఒక దినం ఆ పిల్లను ఇంటికి పిలుచుకొని రా."

స్నానాల గదిలో నయన చెంబు ముంచింది, మళ్ళీ తొట్టిలోనే వంచేసింది. వేసవంతటిలో ఒకరు తనను దగ్గరికి తీసుకున్నది ఆ ఒక్కసారే. కడిగేసుకోవడానికి ప్రాణం ఒప్పలేదు. గోడకానుకొని ఏడ్చింది. ఆ సాయంత్రం ఆకు వేయడానికి తల్లి ఒక్కతే మిగిలింది.