రెండో సగం ముందే చూసిన పెద్దమ్మ

మా ఎదురింటి పెద్దమ్మ పోయింది. శుక్రవారం పొద్దున నేను ఆఫీసు ట్రైనింగు కోసం తల్లాడ వెళ్లే బస్సులో ఉండగా ఆమె భర్త, నేను పెదనాన్న అని పిలిచే ఆయన, ఫోన్ చేశాడు. "బిడ్డా, మీ పెద్దమ్మ లేస్తలేదు" అన్నాడు. దారిలోనే దిగిపోయి, ఎదురొచ్చిన బస్సెక్కి నేను బూర్గంపాడు చేరేసరికి వీధంతా వాళ్ల వాకిట్లో ఉంది. నిద్రలోనే పోయింది, అదృష్టవంతురాలు అని అందరూ అంటున్నారు. నేనూ అదే అనుకుని ఏడ్చాను. పోయినవాళ్ల మీద ఇంత కోపం వస్తుందని అప్పటికి నాకు తెలియదు.

ఆమె నాకు చుట్టం కాదు. అడవి లోపల ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో చాలా ఏళ్లు హెడ్మాస్టరమ్మగా చేసి, రిటైరయ్యాక భర్తతో మా ఎదురింట్లో దిగింది. నాది మండలాఫీసులో ఉద్యోగం. పొద్దంతా దరఖాస్తులు, తిట్లు. మమ్మల్ని కలిపింది సినిమాలు. శనివారం సాయంత్రం నేను ఇంటికి వచ్చి ముఖం కడుక్కోగానే వాళ్ల ముందుగదిలో సినిమా మొదలయ్యేది. ఒక వారం పాతది, ఒక వారం కొత్తది. సినిమా అంటే సగం సినిమా. ఇంటర్వెల్ అని తెర మీద పడిందో లేదో పెద్దమ్మ టీవీ కట్టేసేది. మిగతా సగం మళ్లీ శనివారమే.

ఈ అలవాటు ఆమెకు బడిలో పట్టుకుంది. ఒకసారి టీవీ, క్యాసెట్లు కిరాయికి తెచ్చి పిల్లలకు సినిమా వేస్తుంటే సగంలో జనరేటర్‌లో డీజిల్ అయిపోయిందట. డీజిల్ తేవాలంటే గోదావరి దాటాలి. సరే, వచ్చే శనివారం చూద్దాం లెమ్మని పిల్లల్ని పడుకోబెట్టింది. ఇక ఆ వారమంతా బడిలో అదే ముచ్చట. అన్నం లైన్లో, బట్టలు ఉతికే దగ్గర, ఎక్కడ చూసినా మిగతా కథ ఏమవుతుందో పిల్లలు చెప్పుకుంటున్నారు. కొందరు వాళ్ల ఇంటి భాషలో చెప్పుకుంటుంటే, వంటచేసే ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని అర్థం చెప్పించుకుందట.

"శనివారం నాడు తీరా చూస్తే ఏముంది బిడ్డా, ఉత్తదే. పిల్లలు చెప్పిందే మంచిగుంది" అనేది. ఆ తర్వాత డీజిల్ నిండుగా ఉన్నా ఇంటర్వెల్ దగ్గర ఆపడమే.

ఆపిన తర్వాత వారం రోజులు, సాయంత్రం పూట వాళ్ల అరుగు మీద కూర్చుని మిగతా కథ మేం చెప్పుకోవాలి. ఒకరు చెప్తే ఇంకొకరు వాదించాలి. ఎవరూ ముందే చూడకూడదు. చూసినవాళ్లు ఆ అరుగు ఎక్కకూడదు. "ఎరుకున్నోళ్లు ఎరుక లేనట్టు కూసొని వినుడు దొంగతనం" అనేది పెద్దమ్మ. ఒకసారి పెదనాన్న ఉండబట్టలేక ఫోన్లో రెండో సగం చూసేసి, నేను చెప్తున్న కథకు ముసిముసిగా నవ్వాడు. దొరికిపోయాడు. తర్వాతి సినిమాకు ఆయన్ను ముందుగదిలోకి రానివ్వలేదు. పాపం, వాకిట్లో కుర్చీ వేసుకుని మాటలు మాత్రం విన్నాడు.

హాల్లో చూసినా అదే తంతు. భద్రాచలం వెళ్లి కొత్త సినిమాకు కూర్చున్నాం. ఇంటర్వెల్‌లో లైట్లు వెలగగానే ఈమె చెప్పులేసుకుని లేచింది. వారం తర్వాత మళ్లీ టికెట్లు కొని, ఇంటర్వెల్ దాకా బయట పల్లీలు తింటూ ఆగి, అప్పుడు లోపలికి పోబోతే గేటు దగ్గరి అతను ఆపాడు.

"ఏందమ్మా, సగం అయిపోయినంక వస్తున్నరు?"

"ఆ సగం పోయిన వారం చూసినం నాయనా."

అతను నా వైపు చూశాడు. నేను పోస్టర్ వైపు చూశాను.

ఆమె దగ్గర కూర్చోక ముందు ఏ సినిమా ఎలా ఉందని ఎవరడిగినా బాగుంది అనేదాన్ని. "బాగుంది అనేది అభిప్రాయం గాదు బిడ్డా, మర్యాద. మర్యాద చుట్టాలకు చెయ్యి. నాకు నువ్వేమనుకున్నవో చెప్పు" అనేది. ఒక పాత సినిమాలో ఇల్లాలు కష్టాలన్నీ పడి చివరికి మొగుణ్ని క్షమిస్తుంటే నేను కొంగుతో కళ్లు ఒత్తుకుంటున్నాను. "ఎందుకేడుస్తున్నవ్? ఆమె నిజంగ మాఫ్ చేసిందంటవా, కథ రాసినాయనకు ఇంటికి పోయే టైమైందంటవా?" అంది. నా ఏడుపు అక్కడే ఆగింది. కొత్త సినిమాల్లో కొట్లాట ఎంతకీ తెగకపోతే "పొద్దటి సంది కొడుతనే ఉన్నడు, వీడు అన్నం తినడా?" అనేది. అడవి మనుషుల్ని చూపించే సినిమాలంటే మాత్రం ఆమెకు ఒళ్లు మండేది. "ఇన్నేండ్లు అడవిల ఉన్న. గట్ల ఎవరు అరవంగ నేను వినలే. అరిస్తే నేనే అరిచిన, పిల్లలు నీళ్లు పారబోస్తే."

అలాగని మొండి మనిషి కాదు. ఒకసారి ఏదో సినిమాలో తమ్ముడి వేషం వేసిన అతను దండగ అని కొట్టిపారేసింది. మర్నాడు పొద్దున్నే మా గుమ్మంలో నిలబడింది, చేతిలో తోటకూర కట్ట. "నిన్న తప్పు చెప్పిన బిడ్డా. ఆ పిలగాడు మంచిగనే చేసిండు. పడుకున్నంక యాదికొచ్చిండు" అని వెళ్లిపోయింది. ఒక సినిమా గురించి తప్పు మాట్లాడానని ఇంటికొచ్చి మరీ చెప్పే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. అందుకే ఆమె మాటను నేను అంతగా నమ్మాను. ఆఫీసులో ఎవరిని నమ్మాలో తెలియని రోజుల్లో కూడా సాయంత్రం ఆ అరుగు మీదికి వస్తే, ఇక్కడ అబద్ధం ఉండదు అనే ధైర్యం ఉండేది.

మేం ఆఖరున చూసింది ఒక కొత్త సినిమా. గోదావరి లాంటి నది. పడవ నడిపే ఒక కోడలు. అత్త ఆమెను ఇంట్లోంచి గెంటేసింది. వరద వచ్చి, అదే అత్త అవతలి ఒడ్డున చిక్కుకుపోయింది. ఊళ్లో ఎవరూ నీళ్లలోకి దిగడం లేదు. కోడలు వచ్చి పడవ తాడు విప్పింది. ఇంటర్వెల్.

మర్నాడు, ఆదివారం సాయంత్రం, అరుగు మీద కూర్చోగానే పెద్దమ్మ, "ఈసారి నువ్వే చెప్పు బిడ్డా. నాకేం తడుతలేదు, నేను వింట" అంది. ఎప్పుడూ నా మాటకు అడ్డుపడే మనిషి అలా అనేసరికి నాకు రెక్కలొచ్చాయి. రోజుకింత అల్లుకుంటూ పోయాను. నేను కథను ఎటు తిప్పినా ఆమె మాత్రం, "అవ్, మరి అత్తను ఏం చేస్తవ్?" అని అక్కడికే వచ్చేది. గురువారం నాటికి అత్తను పడవ ఎక్కించాను. నడి ఏట్లో పడవ. కోడలు తెడ్డు వేస్తోంది. అప్పుడు అత్త ఏదో చెప్పాలని నోరు తెరిచింది. అక్కడ నేను లేచాను.

"ఏమంటది అత్త?"

"రేపు తల్లాడ పోవాలె పెద్దమ్మా, బట్టలు ఇస్త్రీ చేసుకోవాలె. వచ్చినంక చెప్త."

"అదొక్కటి చెప్పి పోరాదు?"

"ఇంటర్వెల్ నువ్వొక్కదానివే ఇస్తవా?" అన్నాను. ఆమె నవ్వింది. నేనూ నవ్వుకుంటూ రోడ్డు దాటాను.

పెద్దకర్మ అయిపోయి చుట్టాలు సర్దుకుంటున్నారు. పెదనాన్న నా పక్కన కూర్చుని, నన్ను ఓదార్చాలనే పాపం, ఇలా అన్నాడు. "ఆ సినిమా సగంల ఇడిసిపెట్టి పోయిందని బాధపడకు బిడ్డా. ఆదివారం పొద్దుగాలనే మొత్తం చూసింది."

నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పమన్నాను.

ఆ సినిమాకు ముందు వారం వాళ్లిద్దరూ కళ్లద్దాల కోసమని ఖమ్మం వెళ్లొచ్చారు. అద్దాల కోసం కాదట. దవాఖానాకు. గుండె బాగా పాడైంది, ఆపరేషన్ చేసినా నమ్మకం తక్కువన్నాడట డాక్టరు. శనివారం దాకా ఉంటానో లేదో అని ఆదివారం ఒక్కతే కూర్చుని మిగతా సగం చూసిందట. అప్పుడు కూడా పెదనాన్నను వాకిట్లోకి పంపి తలుపు దగ్గరికి వేసుకుంది.

"మరి నాకెందుకు చెప్పలె పెదనాన్నా?"

"నేను చెప్తనన్న. వద్దన్నది. చెప్తే అది ఏడ్చుకుంట కూసుంటది, కథ చెప్పదు అన్నది."

ఒళ్లు భగ్గుమంది. చుట్టాలున్నారని కూడా చూడకుండా లేచి వచ్చేశాను. అంటే ఆ వారమంతా ఆమెకు తెలుసు. సినిమా ఎక్కడికి పోతుందో తెలుసు, తాను ఎక్కడికి పోతుందో కూడా తెలుసు. ఏమీ తెలియనిదాన్ని నేనొక్కదాన్నే. చేతులు తిప్పుతూ, గొంతు మారుస్తూ, చొక్కా తిరగేసుకుని బడికి పోయిన పిల్లలా ఆమె ముందు కూర్చున్నాను. దొంగతనం అన్న మనిషే నాకు ఆ దొంగతనం చేసింది. పెదనాన్న నవ్వితే శిక్ష, తాను నవ్వితే? మంచి మనసుతోనే దాచింది లెమ్మని మా అమ్మ సర్దిచెప్పబోయింది. మంచి మనసుతో మోసం చేస్తే మోసం కాకుండా పోతుందా? శుక్రవారం బస్సులో నేను ఆలోచిస్తున్నది కూడా ఆ అత్త ఏమంటుందనే. ఫోన్ అప్పుడే మోగింది.

తర్వాతి శనివారం నేను వెళ్లకూడదనుకున్నాను. కానీ పెదనాన్న వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. "మిగిలింది చూద్దాం రా బిడ్డా, నేను కూడ చూడలె" అన్నాడు. ఆ ముఖం చూసి కాదనలేకపోయాను.

చూశాం. అంత అన్యాయమైన రెండో సగం నేను ఎక్కడా చూడలేదు. పడవ కదలగానే ఎక్కణ్నుంచో ఒక బావ ఊడిపడ్డాడు. కలప దొంగలు, కొట్లాటలు, పెళ్లి, పాట. ఒడ్డున నిలబడ్డ అత్త ఊసే లేదు. సినిమా తీసినవాళ్లు ఆమెను అక్కడే మరిచిపోయారు. నేను పక్కకు తిరిగి, చూసినవా పెద్దమ్మా అనబోయి ఆగిపోయాను. తిట్టుకోవడానికి ఎంత ఉందో! ఇది మొత్తం చూసి, ఒక్క ముక్క తిట్టకుండా నోరు మూసుకుని, ఆ సాయంత్రమే నా ముందు కూర్చుని అత్తను ఏం చేస్తవని అడిగిందన్నమాట. సినిమా వదిలేసిన ముసలామెను నాతో ఒడ్డుకు తెప్పించుకోవాలనుకుంది. ఆ ముక్క నాకు చెబితే ఏం పోయేది? చెప్పి ఉంటే ఇస్త్రీ ఏమైపోతేనేం, గురువారమే పడవను ఒడ్డుకు చేర్చేదాన్ని కదా. నన్ను నడి నీళ్లలో ఆపనిచ్చింది. అది నేను ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.

"అత్త ఏది బిడ్డా? ఇంక రాదా?" అన్నాడు పెదనాన్న.

"అయిపోయింది పెదనాన్నా."

ఆయన టీవీ సౌండు తగ్గించాడు. "గురువారం నువ్వు పోయినంక నన్నడిగింది. అత్త ఏమంటదంటవ్ అని."

"నువ్వేమన్నవ్?"

"నాకేం ఎరుక? రేపు పిల్ల వస్తది గద, అడుగు అన్న." చేత్తో ముఖం తుడుచుకుని నా వైపు తిరిగాడు. "ఏమన్నది బిడ్డా అత్త?"

తెర మీద పేర్లు పైకి పోతున్నాయి. పెదనాన్న నా నోటి వైపే చూస్తూ కూర్చున్నాడు.