ఎల్లారెడ్డిలో బోర్లించిన గంప

ఆదివారం పొద్దున నా కణతల మీద వాతలు పెట్టించాలని మా అత్త నిశ్చయించింది. అందుకని ఆ ముందు మంగళవారమే నేను ఎల్లారెడ్డి ప్రయాణం పెట్టుకున్నాను.

నాది అరతల నొప్పి. పెళ్లికి ముందు నుంచీ ఉంది. ఎండలు ముదిరాయంటే వారానికోసారైనా పలకరించి పోతుంది. మొదట కళ్ల ముందు మిణుగురులు తిరుగుతాయి, ఆ తర్వాత ఎడమ కణత దగ్గర పోటు. ఇక వెలుతురు చూడలేను, పోపు వాసన పడదు, పక్కన ఎవరైనా చెంబు కింద పెట్టినా ప్రాణం పోయినట్టుంటుంది. మా అత్త చెడ్డది కాదు. వాళ్ల తమ్ముడికి చిన్నతనంలో ఎర్రగా కాల్చిన కడ్డీతో వాత పెడితే ఇదే నొప్పి పోయిందట, నాకూ పోవాలని ఆమె ఆరాటం. మా వారికి మాత్రం వాత మీదా నమ్మకం లేదు, నా నొప్పి మీదా నమ్మకం లేదు. "ఎండకాలం నఖరాలు" అని నవ్వి ఊరుకునేవారు. నిజం చెప్పొద్దూ, ఆ నవ్వు చూస్తే వాతే నయమనిపించేది.

ఎల్లారెడ్డిలో మా పెద్దమ్మ ఉంది, మా అమ్మకు అక్క. ఆమెకూ ఇదే నొప్పి, వయసులో ఉన్నప్పటి నుంచీ. అయినా పెదనాయన పోయాక సేద్యం, కొడుకులు, కోడళ్లు, గొడ్డూ గోదా అన్నీ ఆమే నడుపుతోంది. ఎట్లా నడుపుతోందో నాకు ఎన్నడూ అంతుపట్టలేదు. ఆమెను అడిగి వస్తాను, వాత మంచిదంటే కిక్కురుమనకుండా కూర్చుంటాను అని అత్తతో ఒప్పందం చేసుకున్నాను. సరేనంది గానీ, వాతలు పెట్టే ముసలాయనకు కబురు పంపడం మాత్రం మానలేదు.

బొల్లారంలో మా వారూ నేనూ పొద్దున ఏడు గంటల బండి ఎక్కాం. మూడో తరగతి పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది, దొరికినందుకు ఏడ్చాను కూడా, ఎందుకంటే అది ఎండ పక్క. ఈ దారిన వెళ్లేవాళ్లు పొద్దుటి బండికి పడమటి వైపు కూర్చోండి. తలకు తడిగుడ్డ చుట్టుకున్న నన్ను చూసి, ఖాళీ మామిడి గంపలతో దోమకొండకు తిరిగి వెళుతున్న ఒకామె ఏమైందని అడిగింది. చెప్పాను.

"పొద్దు పొడువకముందు జిలేబి పాలల్ల నానబెట్టుకొని తిను బిడ్డా. తినేదాక ఎవ్వలతోని మాట్లాడొద్దు" అంది. ఆ పక్కన కూర్చున్న తెల్లగడ్డం సాయిబు, దీన్ని తమలో ఆధాసీసీ అంటారని చెప్పి, లవంగం నూరి పట్టు వేయమన్నాడు. ఆ వెనకాయన ముక్కులో నెయ్యి చుక్క అన్నాడు. నాకు ఊరుకునే గుణం లేదు, ఇవన్నీ చేసిన ఎవరికైనా తగ్గిందా అని ఒక్కొక్కరినీ అడిగాను. దోమకొండ ఆమె కాసేపు ఆలోచించి, జిలేబి తిన్నది తన తోడికోడలనీ, తగ్గిందో లేదో ఎన్నడూ అడగలేదనీ ఒప్పుకుంది. మా వారు కిటికీలోంచి బయటికి చూస్తూ మీసాల చాటున నవ్వుకున్నారు.

పదకొండు దాటాక కామారెడ్డిలో దిగాం. స్టేషను బయట హోటల్లో ఉప్మా తిని, చాయ్ తాగి, ఎల్లారెడ్డి బస్సు దగ్గరికి వెళ్లాం. యుద్ధం వచ్చాక పెట్రోలు దొరకడం లేదు, బస్సు వెనక బొగ్గుల కొలిమి కట్టి దాని గ్యాసుతో నడుపుతున్నారు. అసలే వైశాఖం ఎండ, ఆపైన వెనక కొలిమి. ముందు సీట్లో కూర్చోండి, ఎవరేమన్నా లేవకండి. లింగంపేట ఇవతల చిన్న గడ్డ ఎక్కలేక బస్సు నిలబడిపోతే అందరం దిగి నడిచాం. నాతో నడిచిన గాంధారి ఊరి ముసలామె, తన పెండ్లినాటి ఎడ్లబండి గూడ దీనికన్న జల్ది పోయేదని నెమ్మదిగా అంది. ఇంత పొగలోనూ నా తల ఆ రోజు నన్ను క్షమించింది, ఎందుకో నాకే తెలియదు.

మూడు గంటలకు పెద్దమ్మ ఇల్లు చేరాం. వాకిట్లో వేపచెట్టు నీడన ముగ్గురు జీతగాళ్లు కూర్చుని ఉన్నారు. ఎరువు తోలే బండ్లు బయట నిలబడి ఉన్నాయి. ఇంట్లో ఇంతమంది ఉండి కూడా ఒక్క చప్పుడు లేదు. లోపలి అర్ర గడప ముందు ఒక వెదురు గంప బోర్లించి ఉంది. పెద్దమ్మ ఏదని అడిగితే పెద్ద కోడలు గొంతు తగ్గించి, "అవ్వ ఇంట్ల లేదు" అని, మాకు నీళ్లు తేవడానికి పెరట్లోకి వెళ్లింది.

మా వారిది జాలిగుండె, కోళ్ల విషయంలోనైనా. ఇంత ఎండలో గంప కింద కోడిని మూసి మరిచిపోయారనుకుని వెళ్లి గంప ఎత్తారు. కోడి లేదు. సరేలెమ్మని గంపను గోడకు ఆనించి వచ్చి కూర్చున్నారు.

అంతే, చెట్టుకింది ముగ్గురూ ఒక్కసారి లేచారు. బండ్లు ఏ చెలుకకు తోలాలని ఒకరు, ఎద్దు మేత ముడుతలేదని ఒకరు, మోట తాడు తెగిందని ఒకరు. చిన్న కోడలు వంటింట్లోంచి రోకలి చప్పుడు మొదలుపెట్టింది. అప్పుడు అర్ర తలుపు తెరుచుకుంది. ఇంట్లో లేదన్న పెద్దమ్మ నుదుటికి గుడ్డ బిగించుకుని, కళ్లు సగం మూసుకుని, ద్వారబంధం పట్టుకుని నిలబడింది. ముగ్గురికీ ముక్కలు ముక్కలుగా జవాబు చెప్పింది. మూడో జవాబు సగంలో ఉండగానే గడప మీద కూలబడి వాంతి చేసుకుంది.

చేలగట్టు మీద నిలబడి ఒక్క కేకేస్తే అవతలి ఊరు వినేంత గొంతు ఆమెది. ఆ మనిషి వెలుతురుకు భయపడి కొంగులో తల దాచుకుంది. నీళ్లతో వచ్చిన పెద్ద కోడలు గోడకున్న గంపను చూసింది, తర్వాత మా వారిని చూసింది. పెద్దమ్మను లోపలికి తీసుకుపోయి, గంప మళ్లీ బోర్లించింది. జీతగాళ్లు వెళ్లి చెట్టుకింద కూర్చున్నారు. మా వారి ముఖంలో రక్తం లేదు. పెళ్లయిన నాటి నుంచీ ఆయన్ని అట్లా చూడలేదు.

మర్నాడు పొద్దంతా ఆ ఇంటిని కళ్లు పెద్దవి చేసుకుని చూశాను. చీకటితోనే పొయ్యి రాజేసి, ఎండ వాకిట్లోకి రాకముందే వంట ముగిస్తారు. ఆకలైతే నొప్పి వస్తుందని పెద్దమ్మ లేచీ లేవగానే అంబలి తాగుతుంది, ఒక్కపొద్దులు మానేసింది. తప్పు కాదా అని అడిగాను. దేవునికి చెప్పుకున్నదట, ఆయన ఒప్పుకున్నాడట. అర్రకు తడి గోనెపట్టా వేలాడుతుంది, ఎవరు అటు పోయినా దాని మీద చెంబెడు నీళ్లు చల్లిపోతారు. కళ్ల ముందు మిణుగురులు మొదలు కాగానే పెద్దమ్మ తనే గంప బోర్లించి లోపలికి పోతుంది. గంప బోర్లా ఉన్నంతసేపు అవ్వ ఇంట్లో లేనట్టే, పటేలు వచ్చినా సరే. గంప ఎత్తి ఉంటే మాత్రం ఎవరు పిలిచినా పలకాలి. ఆ మాట ఆమే పెట్టింది, అందుకే నిన్న లేచి వచ్చింది.

సాయంత్రం సాంపి నీళ్లు చల్లిన వాకిట్లో మంచం వేసుకుని కూర్చున్నాం. మా వారు నేల చూస్తూ, కోడి ఉందనుకున్నానని గొణిగారు.

"కోడి అర్రల పండుకున్నది అల్లుడా, గంప కిందెందుకుంటది?" అని పెద్దమ్మ నవ్వింది. మా వారు నవ్వలేదు. ఈ నొప్పి ఎప్పుడూ ఇట్లాగే ఉంటుందా అని అడిగారు, నన్ను ఒక్కనాడూ అడగని ప్రశ్న.

అప్పుడే నేనూ అడగవలసింది అడిగాను, ఆదివారం సంగతి. పెద్దమ్మ కణత దగ్గర నెరిసిన వెంట్రుకలు పక్కకు తీసి చూపించింది. పప్పుగింజంత నల్లమచ్చలు, రెండు.

"ఇది మొదలు పెట్టిచ్చిన్రు. పోలె. మల్ల ఇది పెట్టిచ్చిన్రు. అప్పుడు కాలిన నొప్పి ఒకటి, తల నొప్పి ఒకటి, రెండైనయి. ఇది పోయేది కాదు బిడ్డా, వచ్చిపోయేది. వచ్చినప్పుడు పండుకోనియ్యాలె, గంతే."

గురువారం తెల్లవారకముందే తొలి బస్సులో బయలుదేరాం. పెద్దమ్మ మజ్జిగ చెంబు, పేలాల మూట ఇచ్చింది. కామారెడ్డిలో బండి ఆలస్యంగా వచ్చింది. భిక్కనూరు దాటేసరికి నా కళ్ల ముందు మిణుగురులు లేచాయి. చెప్పక్కర్లేకపోయింది. మా వారు కిటికీ తలుపు దించారు, కండువా తడిపి నా కళ్ల మీద కప్పారు, ఎండకూ నాకూ మధ్యకు వచ్చి కూర్చున్నారు. ఎదుట ఒకాయన సొంటి కొమ్ము వైద్యం మొదలుపెట్టాడు.

"ఆమె ఇప్పుడు ఇంట్ల లేదు, అన్నా" అన్నారు మా వారు. ఆయన సొంటి కొమ్ము మళ్లీ మూటలో పెట్టుకున్నాడు. నొప్పి నొప్పిగానే ఉంది, కానీ దానితో నేను ఒక్కదాన్నే లేను.

చీకటి పడుతుండగా ఇల్లు చేరాం. గుమ్మంలోనే మా అత్త ఎదురొచ్చి, మీ పెద్దమ్మ ఏమన్నది, ముసలాయన ఆదివారం పొద్దునకల్లా వస్తానన్నాడు అంది. మా వారు నన్ను నడిమి అర్రలో పడుకోబెట్టి తలుపు దగ్గరగా వేశారు. వంటింట్లో ఎండుమిరపకాయలు కింద కుమ్మరించిన చప్పుడు, తర్వాత గడప ముందు గంప నేలకు తాకిన చప్పుడు వినిపించాయి.

"అమ్మా, నీ కోడలు ఇంట్ల లేదు" అన్నారు మెల్లగా.

"గిదేందిరా? మరి ఆదివారం?"

"ఆదివారం గూడ ఉండది."