ముఖం సాగదీయొద్దనే మా సుజాత

నిన్న పొద్దున మా డిగ్రీ ఫ్రెండ్స్ గ్రూప్‌లో ఒక ఫోటో వచ్చింది. కింద "సుజాత ఇక లేదు" అని రాసి ఉంది.

పేరు చదివినా ముందు ఆ ముఖం మా సుజాతదని అనిపించలేదు. చదరపు ఫ్రేమ్‌లో పట్టించడానికి ఎవరో పక్కలకు లాగేశారు. ముఖం వెడల్పయిపోయింది.

కళ్లద్దాలు చూసి గుర్తుపట్టాను.

వెంటనే సుజాత నంబర్‌కే ఫోన్ చేశాను. ఆమె ఎత్తుతుందనే అనుకున్నాను.

వాళ్ల తమ్ముడు ఎత్తాడు. "అక్క పోయింది లావణ్యక్కా. షాపుల కుర్చీలనే ఒరిగిపోయిందట. జగిత్యాల దవాఖానకు తీసుకపోయేసరికే..."



సుజాతకు నలభై కూడా నిండలేదు.

తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. కోరుట్ల బస్టాండ్ దగ్గర సుజాతకు చిన్న ఫోటో షాప్ ఉండేది. ఫోటోలు తీయడం కంటే సరిచేయడమే ఎక్కువ పని. ఉద్యోగాల అప్లికేషన్లకు లాస్ట్ డేట్ వచ్చిందంటే షాప్ నిండిపోయేది. ఫోటో సైజు ఎక్కువైందనో, కొలత తప్పిందనో వెబ్‌సైట్ తీసుకోదు. కొందరు ఫోన్‌లోనే అటూ ఇటూ లాగి, ఎలాగో సరిపెట్టుకుని వచ్చేవాళ్లు.

సుజాత ఒప్పుకునేది కాదు. "మొకం సాగదీసి కొలతకు తేవద్దు. చుట్టూ కత్తిరియ్యాలె. మనిషి మనిషి లెక్కనే ఉండాలె" అనేది.

నాకు పని నేర్పింది కూడా ఆమే.

నేను సిరిసిల్లలో ఆన్‌లైన్‌లో చీరలు అమ్మడం మొదలుపెట్టిన కొత్తలో, ఆకుపచ్చ చీర పోస్ట్ చేస్తే అందరి ఫోన్లలో నల్లగా కనిపించింది. కొన్నవాళ్లు తిప్పి పంపారు. ఇక మానేస్తానని ఫోన్‌లో ఏడిస్తే, ఆదివారం బస్సెక్కి వచ్చేసింది.

వచ్చీ రాగానే ట్యూబ్‌లైట్ ఆపేసింది. చీరను వాకిలి వెలుతురులోకి తెచ్చి ఫోటో తీయించింది.

"అసలు ఫోటోను ముట్టకు. కాపీ తీసుకొని దాన్నే చిన్నగ చెయ్యి. చిన్నగ చేసినదాన్ని మళ్ల పెద్దగ చేస్తే పలిగిపోతది. ఇగ తిరిగి రాదు."

ఈ రోజు మా ఇల్లు నడుస్తున్నదంటే ఆ ఆదివారం వల్లే.

ఇంకొకటి చెప్పాలి. ఇది ఆమె నాకు తప్ప ఎవరికీ చెప్పుకోలేదు.

మేడిపల్లి వైపు నుంచి లక్ష్మి అనే ఆమె ఒకరోజు షాప్‌కు వచ్చింది. గల్ఫ్‌లో ఉన్న భర్త దగ్గర్నుంచి నెలలుగా ఫోన్ లేదు. అక్కడి మనవాళ్ల గ్రూపుల్లో పెట్టడానికి ఫోటో కావాలి. ఆమె చేతిలో ఉన్నది పెళ్లి ఫోటో ఒక్కటే. నుదుటి మీద బాసింగం, గడ్డం దాకా పూలదండ.

"కంప్యూటర్ల దండ తీసెయ్యరాదా బిడ్డా" అని అడిగింది లక్ష్మి.

"తీస్తే అడుగున మొకం ఉండదక్కా. నేను గీయాలె. నేను గీస్తే వేరే మనిషైతడు" అంది సుజాత.

వాళ్ల చుట్టాలందరికీ తనే ఫోన్లు చేసింది. చివరికి కొండగట్టుకు పోయినప్పటి గ్రూప్ ఫోటో దొరికింది. ఇరవై మందిలో వెనక వరసలో గుండుతో ఉన్నాడు. ఆ ఒక్క ముఖాన్ని కత్తిరించి, వెలుతురు పెంచి, కింద పేరు, ఊరు పెద్ద అక్షరాలతో వేసింది. అక్కడి కూలీల క్యాంపుల్లో సిగ్నల్ సరిగా ఉండదని ఫోటో ఫైలును బాగా తేలిక చేసింది.

మూడో రోజు ఫోన్ వచ్చింది. మనిషిని గుర్తుపట్టారు. ఒక ఆస్పత్రి మార్చురీలో, పేరు తెలియని శవంగా.

ఆ ఫోటో వల్లే ఆయన ఇంటికి చేరాడు. లక్ష్మి వచ్చి సుజాత చేతులు పట్టుకుంది. "నువ్వు లేకుంటే ఆయన మట్టి గూడ దక్కకపోతుండె బిడ్డా" అంది.

సుజాత రెండు రోజులు షాప్ తీయలేదు. "బతికున్నోని కోసం ఫోటో పంపిన లావణ్యా. శవాన్ని తెప్పిచ్చిన" అని నాతో ఒక్కసారే అంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

నిన్న నేను కోరుట్ల చేరేసరికి ఫ్లెక్స్ కోసం ఆ సాగిన ఫోటోనే పంపబోతున్నారు. ఆపించాను. నా ఫోన్‌లో ఉన్న మంచి ఫోటో కాపీ తీసుకుని, శవం పక్కనే కూర్చుని చుట్టూ కత్తిరించాను. బాగా వచ్చిందా అని అడగడానికి అలవాటుగా ఆమెకే పంపబోయాను.

ఈ పోస్ట్‌తో పెట్టింది ఆ ఫోటోనే.

ఇక దాచలేను.

పోయిన నెల సుజాత ఫోన్ చేసింది. "మెట్లెక్కుతుంటే దమ్మొస్తుంది. కరీంనగర్ల గుండె డాక్టర్‌కు సూపెట్టుకుంట. ఒక్కదాన్నే పోవుడు భయమైతుంది, నువ్వు రారాదా" అంది.

నేను బతుకమ్మ చీరల ఆర్డర్లలో ఉన్నాను. "పండుగ కానీయవే, నేనే తీసుకపోత" అన్నాను.

"సరే తియ్" అంది. అలిగినట్టు కూడా అనలేదు.

పండుగ అయిపోయింది. నేను మర్చిపోయాను. ఆమె మళ్లీ అడగలేదు.

నిన్న అందరూ లేచి వెళ్లాక సుజాత వాళ్లమ్మ నన్ను దగ్గరికి పిలిచింది.

"దవాఖానకు తోడు రమ్మని నిన్నేమన్న అడిగిందా బిడ్డా?"

"అడిగిందమ్మా" అన్నాను.

ఆమె నా తల నిమిరింది. తిట్టినా బాగుండేది.

సుజాతా, నీతో రావాల్సిన దాన్ని, రాలేదు.
ఆయాసం లేని చోట నెమ్మదిగా ఉండవే.