శోభ పక్కన పడేసిన చేతులు

శోభ గురించి చెప్పుమంటే నాకు ముందుగాల కోపమే వస్తది. ఆమె మీద కాదు, మా వెంకట్రాజం సేటు మీద. మహబూబాబాద్‌ల ఆయన స్కానింగ్ సెంటర్‌ల నేను చీటీలు రాస్త, శోభ ఎక్స్‌రేలు తీస్తది. నా పేరు సులోచన. శోభ పుట్టింది నెల్లికుదురు దిక్కు లంబాడోళ్ల తండాల. చెయ్యి చూస్తేనే బొక్క ఎక్కడ విరిగిందో చెప్పేస్తది.

మొన్న వానకాలం సేటు ఒక కంప్యూటర్ ప్రోగ్రాం తెచ్చిండు. లక్షల ఎక్స్‌రేలు చూసి నేర్చుకున్నదట. ఫొటో పెడితే ఒక్కో బొక్కకు ఒక్కో రంగేసి, పేరు రాసి, విరిగిందో లేదో అదే చెప్తది. సేటు మురిసిపోయిండు. అందరం దాన్ని మిషన్ అనుడు మొదలువెట్టినం.

మొన్న తండా నుంచి సక్రు అనేటాయన పెండ్లాం గంగిని తోల్కొచ్చిండు. మిరపచేన్ల జారిపడ్డదట. ఎడమ చెయ్యి పూరీ లెక్క పొంగింది. మణికట్టు నుంచి మోచేతి దాక తెల్ల గాజులు. బొక్కతోని చేసిన పాతకాలపువి, పెండ్లినాడు తల్లి తొడిగినవి.

"యాడీ, గివి తియ్యాలె" అని శోభ వాళ్ల భాషల బతిమాలింది. యాడీ అంటే అమ్మ.

"మొగడు బతికుండంగ ఎట్ల తీస్తనే?" అని గంగి మండిపడ్డది. ఇగ అట్లనే ఫొటో తీసినం.

మిషన్ గాజులను గూడ బొక్కలే అనుకొని రంగేసింది. కింద "విరగలేదు" అని రాసింది. సేటు ఆ కాగితమే ఇచ్చి పంపుమన్నడు.

"చెయ్యి గింత ఉబ్బితే విరగలేదంటరా సార్? కండ్లు లేవా మీకు?" అన్నది శోభ.

"లక్షల ఫొటోలు చూసిన మిషన్ కంటె నీకెక్కువ తెలుసా?"

శోభ మొఖం తెల్లవోయింది. "ఆ ఫొటోలల్ల కొన్ని నేనే చూసిన సార్. కరోనప్పుడు ఇంట్ల కూసోని ఈ కంపెనీకే ఒక్కో బొక్క చుట్టు గీతలు గీసిన. నగలున్న ఫొటో వస్తే పక్కన పడేయమన్నరు. మా తండా చేతులు వచ్చినప్పుడల్ల నేనే పడేసిన. ఇగ దానికి మా చెయ్యి ఎట్ల తెలుస్తది?"

నాకు ఒళ్లు మండిపోయింది. గీతలు గీసెతందుకు తండా పిల్ల పనికొచ్చింది, తండా చెయ్యేమో చెత్తనా? థూ!

శోభ ఆ కాగితం పర్రున చింపేసింది. గంగి పక్కన కూసున్నది. "రక్తం ఆడక చెయ్యే పోతది యాడీ" అన్నది. గంగి తల అడ్డంగ ఊపింది. సక్రు ముందుకొచ్చిండు. "కొయ్యి బిడ్డా. బతికున్నోన్ని నేనే చెప్తున్న."

చిన్న రంపంతోని కోసింది శోభ. గాజు ఊడినప్పుడల్ల గంగి గుక్కపట్టి ఏడ్సింది. నేను ఆ ముక్కలన్ని ఏరి ఆమె ఒళ్లె పోసిన.

మల్ల ఫొటో తీసినం. రెండు బొక్కలు విరిగినయి, నాకే కనబడ్డది. మిషన్ గూడ ఎర్రగ చూపెట్టింది. సేటు పరుగున బయటికొచ్చి, కూసున్నోళ్లందరు వినేటట్టు ఒర్లిండు: "చూసిన్రా, నా మిషన్ ఎంత కరెక్టుగ చెప్పిందో!"

తెల్లారి శోభ అడిగింది: "కంపెనీకి ఫోన్ చెయ్యుండ్రి సార్. గాజుల చేతులు గూడ దానికి చూపియ్యమను."

సేటు నవ్విండు. పొద్దుమీకేసరికి గేటుకు బోర్డు కట్టించిండు: "ఆడవాళ్లు గాజులు తీసి రావలెను."